ఎడమవైపు దెబ్బ

సుర్ముఖ్ సింగ్ ఆ ఉదయం కూడా చాయ్‌ని గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పళ్ళెంలో పోసుకున్నాడు. పోసుకుని, కావాలనే అలా చేసినట్టు పళ్ళెం ఎత్తి అందులోంచే తాగాడు.

"పళ్ళెంలో అయితే తొందరగా చల్లారుతుంది," అన్నాడు ఎవరూ అడక్కుండానే.

పొయ్యి ముందు కూర్చుని రొట్టె తిప్పుతున్న బచింత్ కౌర్ తల ఎత్తలేదు. చలికాలం మొదలైన దగ్గర్నుంచీ మొగుడి తీరు ఆమె చూస్తూనే ఉంది. ఎడమ పక్క తలుపు రెక్కకి భుజం తగిలితే ఆయన తలుపుని తిడతాడు. ఆ పక్కనుంచి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడి, ఆ ఉలికిపాటుని దగ్గులోకి మార్చేస్తాడు. మొన్న బర్రె తోకతో ఆయన్ని చెంప మీద కొట్టింది. ఇన్నేళ్ళ కాపురంలో ఏ బర్రె తోకా ఆయన్ని అందుకున్నది లేదు.

అన్నిటికంటే ముందు సంగతి చెప్పింది తలపాగా. రోజూ పొద్దున్నే ఆ పొడుగాటి గుడ్డకి ఒక కొస ఆయన, ఇంకో కొస ఆమె పట్టుకుని, వసారా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లాగి మడతపెట్టడం పెళ్ళైన మర్నాటి నుంచీ ఉన్నదే. ఆ తర్వాత ఆయన అద్దం ముందు నిలబడి చుట్టుకుంటే మడతలు రెండు వైపులా ఒకే తీరుగా, దువ్వెన పళ్ళలా పడేవి. ఇప్పుడు కుడివైపు అలాగే ఉంది. ఎడమవైపు మడతలు మాత్రం ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటున్నాయి. దారం ఉందనో, దూది అంటిందనో వంక పెట్టి ఆమె వాటిని సర్దుతోంది.

ఒకసారి సూటిగానే అడిగింది.

"సర్దార్‌జీ, మీకు ఎడమ కన్ను ఆనడం లేదు కదూ?"

"నాకు రెండు కళ్ళున్నాయి. రెండూ నిన్నే చూస్తున్నాయి."

"అయితే నా చేతిలో ఏముందో చెప్పండి," అని ఎడమ పక్కకి జరిగి అట్లకాడ ఎత్తింది.

"నీ చేతిలో ఎప్పుడూ ఉండేది నా ప్రాణమే," అని నవ్వుతూ బయటికి వెళ్ళిపోయాడు.

గురుద్వారాలో కంటి వైద్య శిబిరం పెట్టినప్పుడు తోసి మరీ పంపింది. గంటలోపే తిరిగొచ్చి, లైను పొడుగ్గా ఉందనీ, అందులో అందరూ ముసలివాళ్ళేననీ చెప్పాడు. ఆయన గడ్డం అప్పటికే పాలనురుగులా ఉంది.

ఇంటి వరకూ అయితే ఆమె ఇంకో ఏడాదైనా భరించేది. తలుపులు తిట్లు తింటాయి, పళ్ళేలకి చాయ్ దక్కుతుంది, కొంపలేమీ మునగవు. కాని హోలీతో పాటే జరిగే సిక్కుల పండగ, హోలా వచ్చేసింది.

హోలా నాడు ఆనందపూర్ మైదానంలో ఊరూరి నుంచి వచ్చిన అఖాడాలు, అంటే సాము నేర్చే బృందాలు, తమ గట్కా కర్రసాము విద్య చూపిస్తాయి. కర్రా డాలూ తిప్పేవాళ్ళు కొందరు, ఈటెలు విసిరేవాళ్ళు కొందరు, గుర్రాల మీద నిలబడి వచ్చేవాళ్ళు కొందరు. వీళ్ళ ఊరి అఖాడాకి దోసకాయ ఆట పేరు తెచ్చింది. ఆటంతా అయ్యాక ఉస్తాద్ ఒక మనిషిని గడ్డి మీద వెల్లకిలా పడుకోబెడతాడు. పొట్ట మీద కీర దోసకాయ పెడతాడు. కత్తి ఎత్తి ఒక్క వేటు వేస్తాడు. దోసకాయ రెండు ముక్కలై అటూ ఇటూ దొర్లాలి, కింద చొక్కా మీద గీత పడకూడదు. బచింత్ తండ్రి జవంద్ సింగ్ ఉస్తాద్‌గా ఉన్నన్నాళ్ళూ అది చేశాడు. ఆయన పోయాక ఆయన శిష్యుడూ అల్లుడూ అయిన సుర్ముఖ్ సింగ్ చేస్తున్నాడు.

ఈ ఏడు దోసకాయ కింద పడుకుంటానని ముందుకొచ్చింది సుర్ముఖ్ సింగ్ సొంత అల్లుడు.

జగ్తార్‌ది లూధియానా. స్వెట్టర్ల వ్యాపారం. ఉన్నిని పట్టుకుని పట్టుకుని అతని చేతులు కూడా ఉన్నిలాగే మెత్తబడ్డాయి. పెళ్ళినాడు ఆచారం ప్రకారం పెళ్ళికొడుకు చేతికి కత్తి ఇచ్చారు. కారు దిగుతుంటే ఆ కత్తి సీటు బెల్టులో ఇరుక్కుపోయింది. డ్రైవరూ, పెళ్ళికూతురి చిన్నాన్న కొడుకులూ కలిసి లాగితే గాని బయటికి రాలేకపోయాడు. ఊరు ఆ సంగతి ఇంతవరకు మర్చిపోలేదు. అతను ఎప్పుడు వచ్చినా వీధి మలుపులో ఎవరో ఒకరు, "బావా, బెల్టు తీసుకునే దిగావా?" అంటారు. ఈసారి ఆ మాట వదిలించుకునే పోవాలని వచ్చాడు.

బచింత్ అల్లుడి చేతికి మీగడ లస్సీ గ్లాసు ఇచ్చి మంచం కొసన కూర్చుంది.

"బాబూ, నీకు నడుం నొప్పి అన్నావు కదా. కటిక నేల మీద పడుకోవడం మంచిది కాదేమో."

"అది పోయిన ఏడు బీజీ. ఇప్పుడు గుర్రంలా ఉన్నాను."

"ఎండ కూడా బాగా ముదిరింది."

"పడుకునేది ఒక్క నిమిషమే కదా."

కూతురు రూపిందర్ గుమ్మానికి ఆనుకుని నిలబడి నవ్వింది. "వదిలెయ్యండి బీజీ. ఇంట్లో అద్దం ముందు పడుకుని సాధన చేసి వచ్చారు. ఊపిరి బిగబడితే పొట్ట ఎంత లోపలికి పోతుందో కొలుచుకున్నారు."

"పోతోందా?"

"ఎక్కడికి పోతుంది, మీరు మీగడ వేసి లస్సీ ఇస్తుంటే."

జగ్తార్ గ్లాసు కింద పెట్టబోయి, మళ్ళీ ఆలోచించి తాగేశాడు. రూపి పగలబడి నవ్వింది. బచింత్‌కి నవ్వు రాలేదు.

రూపికి చెప్పొచ్చు. తండ్రి నడుం ఎత్తు కూడా లేని రోజుల్లోనే రూపి కర్ర పట్టింది. ఇప్పుడు లూధియానాలో ఒక బడిలో ఆడపిల్లలకి గట్కా నేర్పుతోంది. కాని ఆ పిల్ల నోరు కూడా చేతి కర్ర అంత చురుకు. తెలిసిందంటే అఖాడా మధ్యలో నిలబడి, "పాపాజీ, మీకు కన్ను కనబడదు, కత్తి దింపండి," అంటుంది. ఊళ్ళో సగంమంది మగపిల్లలకి కర్ర పట్టడం నేర్పిన చెయ్యి ఆయనది. పల్టన్లలో సిపాయిలుగా ఉన్నవాళ్ళు సెలవు మీద వస్తే ఇంటికన్నా ముందు ఆయన కాళ్ళకి దండం పెట్టి వెళ్తారు. వాళ్ళందరి ముందూ ఆ మాట పడితే ఆ మనిషి లోపల ఏదో విరిగిపోతుంది. అది మళ్ళీ అతకదు.

చెప్పకపోతేనో, పడుకునేది జగ్తార్.

ఒకవైపు అల్లుడి పొట్ట, ఇంకోవైపు మొగుడి పరువు. రెండిట్లో దేని మీదా గీత పడకూడదు. ఆ రోజంతా బర్రెకి గడ్డి వేస్తూ, పప్పు కడుగుతూ ఆమె దీని గురించే ఆలోచించింది.

హోలా ముందురోజు ఊరి గురుద్వారా ఆవరణ పొద్దున్నుంచే కిటకిటలాడింది. ఆనందపూర్ వెళ్ళే యాత్రికులు ట్రాక్టర్లూ లారీలూ రోడ్డు పక్కన ఆపి, అక్కడి ఉచిత భోజనశాల లంగరులో కూర్చుని భోంచేసి పోతున్నారు. ఆడవాళ్ళు వరసగా కూర్చుని రొట్టెలు వత్తుతున్నారు. పెద్ద ఇనప అండా ముందు బాబా గజ్జన్ సింగ్ నిలబడి గరిటె తిప్పుతున్నాడు. ఆయన నిహంగు, సిక్కు యోధుల దళంవాడు. నీలం అంగీ, గోపురంలాంటి నీలం తలపాగా, దాని చుట్టూ ఉక్కు చక్రాలు. బచింత్ తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. ఇనుములో వండనిది ముట్టడు.

"బీబీలూ, లక్షా పాతికవేల ఫౌజు దిగింది. బాదంపప్పు వడ్డించండి," అని కేకేశాడు.

దిగింది ఊతకర్ర పట్టుకున్న ముసలాయన ఒక్కడే. వడ్డించేది శనగల కూర. నిహంగుల మాట తీరే అంత. వెనకటి రోజుల్లో పాదుషా సైనికులు వాళ్ళ తలలకి వెల కట్టి ఊళ్ళు గాలిస్తుంటే, అడవుల్లో గుర్రాల జీను మీదే నిద్రపోతూ, గుప్పెడు శనగలతో రోజు వెళ్ళదీసిన దండు వాళ్ళది. లేమిని లేమి అని పిలవడం వాళ్ళకి ఇష్టం లేకపోయింది. శనగలు బాదంపప్పులయ్యాయి, ఉల్లిపాయలు వెండి రూపాయలయ్యాయి, ఒంటరి మనిషి లక్షా పాతికవేల సైన్యమయ్యాడు. శత్రువులు పోయారు గాని ఆ మాటలు నాలుక మీద అలాగే ఉండిపోయాయి.

"ఏం బీబీ, మొహం అలా పెట్టావు?" అన్నాడు బాబా, బచింత్ పిండి పళ్ళెం అందించడానికి వస్తే. "వెండి రూపాయలు తరిగావా?"

"బాబాజీ, ఒక మనిషికి నోటితో చెబితే ఎక్కకపోతే ఏం చెయ్యాలి?"

"మీ నాన్న ఏం చేసేవాడు?"

"కర్ర తీసేవాడు."

బాబా గరిటె తిప్పడంలో పడిపోయాడు, అడిగినదానికి ఆమే జవాబు చెప్పేసుకున్నట్టు.

బచింత్ రొట్టెల దగ్గరికి వచ్చి కూర్చుంది. చేతులు పిండి ముద్దలు చేస్తున్నాయి, కళ్ళు ఆవరణ మధ్యలో ఉన్నాయి. అక్కడ అఖాడావాళ్ళు నేల చిమ్మి, నీళ్ళు చల్లి, ఆయుధాలు తెల్లగుడ్డ మీద పేరుస్తున్నారు. కాసేపట్లో ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. ఆ పద్ధతి పెట్టింది ఆమె తండ్రే.

మనిషి మీద కత్తి ఎత్తేవాడు ముందురోజు అఖాడాలో కర్రా డాలూ పట్టుకుని నిలబడాలి. నన్ను పరీక్షించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మూడుసార్లు అడగాలి. అఖాడాలో పేరున్న ఎవరైనా రావచ్చు. వాళ్ళ కర్ర అతని ఒంటికి తాకితే, ఆ ఏడు అతను కత్తి ముట్టకూడదు. తెల్లవాళ్ళు పంజాబుని పట్టుకున్నాక ఇంటింటికీ తిరిగి కత్తులు బళ్ళకెత్తుకుని పోయారట. చేతులు మిగిలాయి కదా అని మనవాళ్ళు కర్రలు పట్టారట. జవంద్ సింగ్ ఆ సంగతి చెప్పి, "మన కత్తిని కాపాడింది కర్రే. కర్ర ఒప్పుకోనివాడికి కత్తి ఎలా ఇస్తాం?" అనేవాడు.

ఆయన కాలంలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచేవారు. సుర్ముఖ్ సింగ్ ఉస్తాద్ అయ్యాక ఎవరూ లేవలేదు. ఆయన అడగడం, శిష్యులు తలలు దించుకోవడం, ఆయన కత్తిని కళ్ళకద్దుకోవడం. అదొక తంతు అయిపోయింది.

ఢోలు మోగింది. సుర్ముఖ్ సింగ్ మధ్యలోకి వచ్చాడు. కుడిచేతిలో కర్ర, ఎడమచేతిలో తోలు డాలు. నడుముకి కుంకుమరంగు పట్టీ. ఈ వయసులో కూడా ఆయన అలా నిలబడితే బచింత్‌కి పిండి కలపడం ఒక్క క్షణం ఆగిపోతుంది. ఇవాళా ఆగింది.

"నన్ను పరీక్షించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

తలలు దిగాయి. రెండోసారి అడిగాడు. పక్కనే జగ్తార్, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, ఇప్పట్నుంచే పొట్ట బిగబట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నాను," అంది బచింత్ కౌర్.

ఆమె లేచి, చేతులకున్న పిండి దులుపుకుంది. చున్నీని భుజం మీదుగా తిప్పి నడుముకి ముడేసింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవరణంతా నవ్వు లేచింది.

"ఉస్తాద్‌జీ, ఇంట్లో ఏం చేసి వచ్చారు?"

"బీజీ, ఇంటి లెక్కలు ఇంట్లోనే తేల్చుకోవాలి."

రొట్టెలు వత్తే ఆడవాళ్ళ వరసలోంచి ఒక గొంతు, "మా వంతు కూడా వెయ్యి బచింతూ," అంది.

సుర్ముఖ్ సింగ్ మీసం కింద నవ్వు దాచుకున్నాడు. "మహాతల్లీ, మరి రొట్టెలు ఎవరు వత్తుతారు?"

"ఓడితే మీరు."

"నువ్వు కర్ర పట్టి ఎన్నాళ్ళైంది?"

"రోజూ బర్రెని దేంతో తోలుతున్నాననుకున్నారు?"

రూపి పరిగెత్తుకొచ్చింది. "బీజీ, ఏంటిది? మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు నాతోనే వచ్చాయి. ఆ కర్రా డాలూ ఇలా ఇవ్వు."

అఖాడా పేర్లలో ఆమె పేరు ఉంది. జవంద్ సింగ్‌కి కొడుకులు లేరు. కూతురికే అన్నీ నేర్పాడు. సుర్ముఖ్ సింగ్ మొదటిసారి ఈ ఆవరణలోకి వచ్చిన రోజు, కొత్తవాడి చేతి వాటం చూడమని తండ్రి ఆమెనే పంపాడు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ, బాబా గజ్జన్ సింగ్‌కీ తప్ప ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఇద్దరూ వంగి నేలని తాకారు. ఆయుధాలకి దండం పెట్టారు. ఒకరికొకరు జయం పలికే నమస్కారం, ఫతే చెప్పుకున్నారు. ఢోలు అడుగుల వరసకి మారింది. పాదాలు ఆ వరసని మర్చిపోలేదని బచింత్‌కి మొదటి చుట్టులోనే తెలిసింది. మోకాళ్ళు మాత్రం గుర్తుచేసుకోడానికి ఇష్టపడలేదు.

ఎదురెదురుగా నిలబడ్డవాళ్ళలో ఒకరి కుడిచేతికి ఎదుటివాళ్ళ ఎడమవైపు తిన్నగా అందుతుంది. గట్కాలో అందరికంటే ముందు నేర్పే దెబ్బ అదే. కర్ర తీసుకుని చెయ్యి దానంతట అదే అటు పోతుంది. బచింత్ చెయ్యి కూడా అటే పోవాలని చూసింది. ఆయన ఎడమ భుజం దగ్గర డాలు కాస్త కిందికి జారి ఉంది, ఆ ఖాళీ ఆమెకి తెరిచిన తలుపులా కనబడుతోంది. ఒక్క దెబ్బ, పని అయిపోతుంది. కర్ర తాకితే కత్తి దిగిపోతుంది. ఎవరూ ఏమీ అడగరు.

కాని చూడనివాడిని కొట్టడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. తండ్రి ఎన్ని నేర్పినా అది మాత్రం నేర్పలేదు. వెనక నుంచి రావాల్సి వస్తే కర్రతో నేలని తట్టి మరీ రమ్మనేవాడు. ఎదుటివాడు తిరిగి చూశాకే దెబ్బ.

అందుకని ఆమె ఎడమవైపు వెళ్ళలేదు. చేతిని ఒంటికి అడ్డంగా తిప్పి, తంటాలు పడి, ఆయన కుడివైపే కొట్టింది. ఆయన తేలిగ్గా కాచుకున్నాడు. మళ్ళీ అడ్డంగా వచ్చింది. మళ్ళీ కాచుకున్నాడు. కర్రకి కర్ర తగిలి టపటపమంది. చూసేవాళ్ళు ఉత్సాహపడ్డారు గాని, అఖాడాలో ఆరితేరినవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇదేం వాటం అని వాళ్ళకి అర్థం కాలేదు.

సుర్ముఖ్ సింగ్ కర్రలు కలిసినప్పుడు మొహం దగ్గరికి తెచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "ఏంటిది, గుమ్మం వదిలేసి గోడ దూకుతున్నావు? కుడిచెయ్యి వాడటం మర్చిపోయావా?"

"మర్చిపోలేదు."

"మరి తిన్నగా రా."

"అటు రాను."

"ఏం?"

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. కుడికన్ను ఆమెని చూస్తోంది. ఎడమకన్ను మీద పల్చటి పాలపొర. ఆయన మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. తర్వాత మొండితనం వచ్చింది. ఆ మొండితనం ఆమెకి కొత్త కాదు.

"రా అంటున్నాను," అన్నాడు గట్టిగా, అందరికీ వినబడేలా. "ఎడమవైపు రా."

ఇక తప్పలేదు. బచింత్ ఒక అడుగు వెనక్కి వేసింది. కర్ర కొసతో నేలని ఠక్కున తట్టింది. తర్వాత తిన్నగా, తండ్రి నేర్పిన మొదటి దెబ్బ, ఆయన ఎడమ చెవి మీదికి వేసింది.

నేల మీద చప్పుడు విని ఆయన డాలు ఎత్తాడు. ఎత్తినది భుజం దగ్గరికి. కర్ర వచ్చింది చెవి దగ్గరికి. డాలు ఉన్నచోట దెబ్బ లేదు, దెబ్బ ఉన్నచోట డాలు లేదు. కర్ర ఆయన తలపాగా అంచుకి గోరంత దూరంలో ఆగిపోయింది. ఆపిన చేతి నరాలు మోచేతి దాకా జివ్వుమన్నాయి. ఆయన ఇంకా భుజం దగ్గరే దెబ్బ కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ తర్వాత మెల్లగా తల తిప్పి, తన చెవి పక్కనే ఉన్న కర్రని కుడికంటితో చూశాడు.

ఢోలు ఇంకా మోగుతోంది. దూరం నుంచి చూసేవాళ్ళకి డాలు లేవడం, కర్ర ఆగడం మాత్రమే కనబడ్డాయి.

బచింత్ కర్ర దింపి, వంగి నేలని తాకింది.

"తాకలేదు," అంది అందరూ వినేలా. "ఉస్తాద్ నెగ్గారు."

చప్పట్లు మోగాయి. జైకారాలు లేచాయి. ఎవరో, "బీజీ, పోయి రొట్టెలు చూసుకోండి ఇక," అన్నారు. ఆమె ఆయాసపడుతూ చున్నీ ముడి విప్పుకుంది. చెప్పాల్సింది చెప్పేసింది. ఇక ఆయన ఏం చేస్తాడో ఆయన చేతిలోనే ఉంది. పక్కకి వచ్చి నిలబడింది.

శిష్యుడు ఒకడు రెండు చేతులతో కత్తి తెచ్చాడు. సుర్ముఖ్ సింగ్ తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఎప్పుడూ ఒక్క క్షణం ఉండే కత్తి ఈసారి చాలాసేపు ఆయన నుదుటి మీదే ఉంది. జగ్తార్ గొంతు సవరించుకున్నాడు. బచింత్ తన చున్నీ కొసని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది.

"తాకింది," అన్నాడు సుర్ముఖ్ సింగ్.

ఎవరికీ వినబడలేదు. ఆయన చెయ్యెత్తి ఢోలు ఆపించాడు.

"కర్ర తాకింది. మా ఆవిడ అబద్ధం చెబుతోంది. జవంద్ సింగ్ కూతురై ఉండి అఖాడాలో అబద్ధం చెప్పడం ఇదే మొదటిసారి, కాబట్టి క్షమించేద్దాం." కత్తి కిందికి దింపాడు. "నాకు ఎడమకన్ను కనబడటం లేదు. చలికాలం నుంచీ లేదు. ఆమె కర్ర నేను చూడనే లేదు. ఈ ఏడు నేను కత్తి ఎత్తను."

పొయ్యి మీద నూనె చిటపటమనడం వినబడింది. జగ్తార్ చెయ్యి తనకి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

ఇనప అండా దగ్గర్నుంచి బాబా గజ్జన్ సింగ్ గొంతు లేచింది. "లక్షనేత్రుడయ్యావన్నమాట. మా దళంలో ఒక కన్నుతో తిరిగేవాడికి ఆ బిరుదు ఇస్తాం. అందరికీ దొరికేది కాదు. కొత్త లక్షనేత్ర సింగ్‌కి ముందు బాదంపప్పు వడ్డించండి."

ముందు నవ్వింది సుర్ముఖ్ సింగే. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు శిష్యులు వచ్చి ఆయన కాళ్ళకి దండం పెట్టారు, పల్టన్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు కూడా. బచింత్ అనుకున్నట్టు ఏదీ విరగలేదు. ఆయన కత్తిని రూపి చేతుల్లో పెట్టాడు.

"నీ మణికట్టు నాకంటే మెత్తన. రేపు నువ్వు."

"పాపాజీ, నేనా? ఈయన పొట్ట మీదా?" అంది రూపి, మొగుడి వైపు చూసి. "పాత కోపాలేవైనా గుర్తొస్తే?"

"నేను సిద్ధంగానే ఉన్నాను," అన్నాడు జగ్తార్. గొంతు మాత్రం అంత సిద్ధంగా లేదు.

"నువ్వు ఆగు అల్లుడుగారూ," అన్నాడు సుర్ముఖ్ సింగ్. "మొదటిసారి కత్తి ఎత్తేవాళ్ళ కింద ఉస్తాదే పడుకోవాలి. పడుకోడానికి కళ్ళతో పనేముంది?"

రూపి కూడా కర్రా డాలూ పట్టుకుని మూడుసార్లు అడిగింది, లేచినవాళ్ళెవరి కర్రా ఆమెని తాకలేదు. ఆ మధ్యాహ్నం సుర్ముఖ్ సింగ్ ఆడవాళ్ళ వరసలో కూర్చుని రొట్టెలు వత్తాడు. ఒక్కటీ గుండ్రంగా రాలేదు. కన్ను మీద నెట్టబోయాడు గాని ఎవరూ ఒప్పుకోలేదు.

మర్నాడు ఆనందపూర్ మైదానం మీద గులాలు రంగుపొడి మేఘంలా తేలుతోంది. నీలం అంగీల నిహంగులు రెండేసి గుర్రాల మీద నిలబడి దుమ్ము లేపుకుంటూ పోయారు. వాళ్ళ తర్వాత ఈ అఖాడా వంతు వచ్చింది. కర్రల ఆట, డాళ్ళ ఆట అయ్యాయి. అప్పుడు సుర్ముఖ్ సింగ్ గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాడు. పొట్ట మీద దోసకాయ పెట్టారు. అది దొర్లింది. మళ్ళీ పెట్టారు.

"కాస్త లావుపాటిది తేవాల్సింది," అన్నాడాయన. "రూపీ, కాళ్ళు ఎడం చెయ్యి. భుజంతో కాదు, మణికట్టుతో. గాలి అటు నుంచి వస్తోంది చూసుకో."

"మీరు మాట్లాడితే పొట్ట కదులుతోంది పాపాజీ."

ఆయన నోరు మూసుకున్నాడు. రూపి వంగి తండ్రి పాదాలకి దండం పెట్టింది, కత్తిని కళ్ళకద్దుకుంది. బచింత్ చూడనని అనుకుంది గాని చూసింది. చూడలేకపోయింది జగ్తార్. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

కత్తి మెరిసి ఆగింది. దోసకాయ రెండు ముక్కలై అటొకటి ఇటొకటి దొర్లింది. తెల్లచొక్కా మీద కాస్త దోసరసం తప్ప ఏమీ లేదు. మైదానం జైకారాలతో దద్దరిల్లింది.

సుర్ముఖ్ సింగ్ మాత్రం వెంటనే లేవలేదు. బచింత్ దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట.

"ఏమైంది?"

"ఏం కాలేదు. ఇక్కడ్నుంచి కత్తి ఇంత పెద్దగా కనబడుతుందని నాకు తెలీదు బచింత్." ఆమె చెయ్యి పట్టుకుని లేచి కూర్చున్నాడు. "నేను ఎప్పుడూ పై నుంచే చూశాను. మీ నాన్న నన్ను ఒక్కసారి కూడా కింద పడుకోబెట్టలేదు. ఇన్నేళ్ళూ ఎంతమంది పడుకున్నారు నా కత్తి కింద. లేచాక ఒక్కడికీ నేను చెయ్యెత్తి మొక్కలేదు."

లేచి నిలబడి, గడ్డి దులుపుకున్నాడు. పొట్ట బిగించుకుని సిగ్గుగా నిలబడ్డ అల్లుడి ముందుకి వెళ్ళాడు. రెండు చేతులూ జోడించి, మైదానం అంతా చూస్తుండగా, పల్టన్‌లో పెద్దలకి చెప్పినట్టు ఫతే చెప్పాడు.

జగ్తార్ కంగారుపడ్డాడు. "పాపాజీ, నేనేం చేశాను? పడుకోనైనా లేదు."

"ఒంటికన్ను ఉస్తాద్ కింద పడుకుంటానని వచ్చావు."

"అది నాకు తెలీదు కదా."

"తెలిస్తే వచ్చేవాడివా?"

జగ్తార్ నిజాయితీగా ఆలోచించాడు. "వచ్చేవాణ్ణి కాదు పాపాజీ."

సుర్ముఖ్ సింగ్ తలపాగా వెనక్కి వాలేలా నవ్వి అతన్ని కావలించుకున్నాడు. రూపి చిన్నాన్న కొడుకులు వచ్చి బావని ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకున్నారు. అతను ఒక చేత్తో వాళ్ళలో ఒకడి తలపాగా పట్టుకుని, ఇంకో చేత్తో పడిపోకుండా గాలిని పట్టుకుంటూ జనంలోకి వెళ్ళిపోయాడు. అంతలో పక్కనుంచి ఒక గుప్పెడు గులాలు వచ్చి సుర్ముఖ్ సింగ్ ఎడమ చెంప మీద పడింది.

"ఎవరది?" అన్నాడాయన, కుడివైపు తిరిగి.

"నేనే," అంది బచింత్ కౌర్, ఎడమవైపు నుంచి, రెండో గుప్పెడు తీసుకుంటూ.